మూతపడే నెలల్లోనే కొలువులు పుట్టించాడు!

మంచు పడగానే తలుపులకు తాళాలు వేసుకునే ఊరు అది. ఆ తాళాలు తీయించి, ఎవరూ రాని చలికాలాన్నే అసలు సీజన్‌గా మార్చాడు ఒక సత్రం యజమాని. అదీ స్కీయింగ్ ఊసే లేకుండా! నోటిఫికేషన్ కోసమో, ఆఫర్ లెటర్ కోసమో ఎదురుచూస్తూ ఈ నెలలన్నీ వృథా అనుకుంటున్నారా? అయితే స్విట్జర్లాండ్‌కు చెందిన యోహానెస్ బాద్రుట్ జీవితం మీరు తెలుసుకోవాల్సిందే.

డిసెంబరు నెల, పొద్దున ఆరు గంటలు. ఇస్నాపూర్ చౌరస్తాలో నిలబడి చూడండి. మంకీ క్యాపులు, మఫ్లర్లు, మాట్లాడితే నోట్లోంచి పొగలు. ఒకపక్క పాశమైలారం వైపు తిరిగే కంపెనీ బస్సులు. ఇంకోపక్క నైట్ షిఫ్ట్ దిగి టీ బండి చుట్టూ చేరినవాళ్లు. రాష్ట్రంలో చలి ఎక్కువగా ఉన్న చోట్ల పేర్లు పేపర్లో వస్తే పటాన్‌చెరు, కోహీర్ అందులో తరచూ కనిపిస్తాయి. ఆ చలిలోనే చేతిలో రెజ్యూమె ఫైలు పట్టుకుని గేటు దగ్గర నిలబడే డిప్లొమా, డిగ్రీ, బీటెక్ విద్యార్థులూ ఉంటారు. మీరూ అందులో ఒకరు కావచ్చు. సెక్యూరిటీ క్యాబిన్ దగ్గర వినిపించే జవాబు చాలాసార్లు ఒకటే. ఇప్పుడు తీసుకోవడం లేదు, మార్చి దాటాక రండి.

అంటే ఇది ఆఫ్ సీజన్ అన్నమాట. ఇంటికెళ్లి ఈ మాట చెబితే నాన్న ఏమీ అనడు. ఆ ఏమీ అనకపోవడమే ఎక్కువ బాధ పెడుతుంది. అప్పటికే చదువు కోసం చేసిన అప్పు ఉంది. వడ్డీకి ఆఫ్ సీజన్ ఉండదు కదా!

సరిగ్గా ఇదే లెక్క 160 ఏళ్ల కిందట ఆల్ప్స్ కొండల్లో ఒక సత్రం యజమానికి నిద్ర పట్టనివ్వలేదు. వచ్చే ఆదాయం మూడు నాలుగు నెలలు. కట్టాల్సిన ఖర్చు పన్నెండు నెలలు. ఆయన ఏం చేశాడో చూద్దాం.

వలసల లోయ

స్విట్జర్లాండ్ ఆగ్నేయ మూలన ఎంగడీన్ అనే పొడవాటి లోయ ఉంది. అందులో సుమారు 1,800 మీటర్ల ఎత్తున ఉన్న చిన్న ఊరు సెయింట్ మోరిట్జ్. మన హార్స్‌లీ హిల్స్ ఎత్తు 1,300 మీటర్లకు కాస్త తక్కువే. దానికి ఇంకో అయిదు వందల మీటర్లు కలిపి, నెలల తరబడి కరగని మంచు కప్పేయండి. ఆ ఊరు ఎలా ఉండేదో కొంత అర్థమవుతుంది. చలికాలంలో అక్కడి సరస్సు గడ్డకట్టి, గుర్రాలు పరుగెత్తినా పగలనంత గట్టిపడుతుంది.

ఇవాళ ఆ పేరు చెబితే కోటీశ్వరుల విడిది గుర్తొస్తుంది. అప్పట్లో సంగతి వేరు. అంత ఎత్తులో పంటలు అంతంతమాత్రం. పశువుల మేపు, కాస్త గడ్డి. కుర్రాళ్లు ఎదగగానే లోయ దాటి వెళ్లిపోయేవారు. ఎంగడీన్ నుంచి వెళ్లినవాళ్లు యూరప్ నగరాల్లో మిఠాయి, కేకుల దుకాణాలు నడపడంలో పేరు తెచ్చుకున్నారు. వెనిస్ మొదలుకొని ఎన్నో ఊళ్లలో వాళ్ల కొట్లు ఉండేవి. నారాయణఖేడ్ తండాల నుంచి చెరకు కోతకు వెళ్లే కుటుంబాలను, జిల్లా నుంచి గల్ఫ్ విమానం ఎక్కే యువకులను చూసినవాళ్లకు ఈ కథ కొత్తగా ఉండదు. సొంతూళ్లో పనిలేకపోతే దారి పట్టాల్సిందే.

సెయింట్ మోరిట్జ్‌కు ఉన్న ఒకే ఒక్క ఆస్తి ఊటనీరు. ఇనుము, ఖనిజ లవణాలు కలిసిన ఆ నీటిని తాగితే, అందులో స్నానం చేస్తే మంచిదని వందల ఏళ్లుగా నమ్మకం. 1535 ప్రాంతంలోనే పారాసెల్సస్ అనే వైద్యుడు ఆ ఊటను మెచ్చుకున్నాడు. అయితే ఆ నీటి కోసం వచ్చేవాళ్లంతా ఎండాకాలంలోనే వచ్చేవారు. చలి మొదలవగానే మూటాముల్లె సర్దుకునేవారు. వాళ్లతోపాటు వంటవాళ్ల కొలువులు, గదులు ఊడ్చేవాళ్ల కొలువులు, గుర్రపు బండివాళ్ల కొలువులు కూడా వెళ్లిపోయేవి.

అద్దె సత్రంతో మొదలు

యోహానెస్ బాద్రుట్ 1819లో పుట్టాడు. తండ్రిది కూడా అదే పేరు. చేతిపని మీద బతికిన మనిషి. పక్క ఊరు సమేదాన్‌లో ఒక చిన్న వసతి గృహం నడిపాడు. కాబట్టి అతిథి ముందు వంగి నమస్కరించడం, మంచం దుప్పటి సరిచూడటం, బిల్లు రాయడం యోహానెస్‌కు ఇంట్లోనే అబ్బాయి. డిగ్రీ లేదు. అసలు హోటల్ మేనేజ్‌మెంట్ అనే చదువే అప్పటికి పుట్టలేదు.

1850ల నడుమ ఆయన సెయింట్ మోరిట్జ్‌లో ఫాలర్ అనే చిన్న వసతి గృహాన్ని అద్దెకు తీసుకున్నాడు. 1858లో దాన్ని కొనేశాడు. ఎంగడీనర్ కుల్మ్ అని పేరు మార్చాడు. కుల్మ్ అంటే అక్కడి భాషలో శిఖరం. ఊట దగ్గరి స్నానశాలలు కింద సరస్సు వైపు ఉంటే, ఈ సత్రం పైన కొండ వాలులో ఉంది. ఎదురుగా సరస్సు, చుట్టూ మంచు కొండలు, రోజంతా ఎండ తగిలే చోటు. ఊటనీరు తన దగ్గర లేదు కాబట్టి ఎండనూ, చుట్టుపక్కల అందాన్నీ అమ్ముకోవాలి.

వేసవిలో ఇంగ్లండ్ నుంచి అతిథులు పెరుగుతున్నారు. 1863లో థామస్ కుక్ స్విట్జర్లాండ్‌కు బృంద యాత్ర నడిపాడు. ఆల్ప్స్ ఎక్కడం ఇంగ్లిష్ వాళ్లకు కొత్త మోజు. బాద్రుట్ గదులు నిండుతున్నాయి. కానీ సెప్టెంబరు చివరికి మళ్లీ తాళమే. కొన్న భవనం, పెంచిన గదులు, పళ్ళేలు, పరుపులు అన్నీ ఆరేడు నెలలు మంచు కింద పడుకోవాలి. మంచి వంటవాడు దొరికితే వాణ్ణి ఏడాది పొడవునా ఉంచుకునే స్తోమత లేదు. వచ్చే వేసవికి వాడు తిరిగొస్తాడన్న భరోసా లేదు. సీజన్ వ్యాపారం చేసే ఎవరికైనా ఇదే తలనొప్పి.

కోటు లేకుండా ఎదురొచ్చిన యజమాని

ఇక్కడే ఆ పేరుపొందిన పందెం వస్తుంది. నోటి మాటగా సాగిన కథ కాబట్టి వివరాలు ఒక్కో చోట ఒక్కోలా చెబుతారు. సారాంశం ఇదీ.

1864 సెప్టెంబరు. వేసవి చివరి రోజులు. పెట్టెలు సర్దుకుంటున్న కొందరు ఇంగ్లిష్ అతిథులు పొయ్యి దగ్గర కూర్చొని ఉన్నారు. లండన్‌లో రాబోయే పొగమంచు, బురద, సూర్యుడు కనిపించని రోజులు తలచుకొని దిగులు పడుతున్నారు. బాద్రుట్ వాళ్లకు తమ చలికాలం సంగతి చెప్పాడు. మంచు ఉన్నా ఇక్కడ ఆకాశం నీలంగా ఉంటుందని, ఎండ పడే రోజున పగలు కోటు లేకుండా తిరగొచ్చని. వాళ్లు నవ్వేశారు. అప్పుడు ఆయన ఒక మాట ఇచ్చాడు. డిసెంబరులో వచ్చి చూడండి. నేను చెప్పింది తప్పయితే రానుపోను ఖర్చంతా నాదే. నిజమైతే మీకు ఇష్టమైనన్ని రోజులు నా అతిథులుగా ఉండండి.

ఆ రోజుల్లో అక్కడికి రైలు లేదు. కూర్ పట్టణం నుంచి 2,284 మీటర్ల ఎత్తున ఉన్న జూలియర్ కనుమ దాటి గుర్రాలు లాగే మంచుబండిలో రావాలి. గొంగళ్లు, ఉన్ని దుప్పట్లు చుట్టుకొని వణుకుతూ బయల్దేరిన అతిథులు కనుమ దాటి ఎండలో పడేసరికి చెమటలు పట్టాయట. గుమ్మంలో బాద్రుట్ కోటు లేకుండా, చొక్కా చేతులు మడిచి నిలబడి ఉన్నాడట. క్రిస్మస్‌కు వచ్చినవాళ్లు ఈస్టర్ దాకా కదల్లేదు. తిరిగి వెళ్లేటప్పుడు ముఖాలు ఎండకు కమిలి గోధుమరంగుకు వచ్చాయని చెబుతారు.

ఈ కథను సాహసం అని పొగిడి వదిలేయకండి. లోపల ఉన్న లెక్క చూడండి. కొత్తది కొనమని అడిగినప్పుడు ఎదుటివాడికి భయం ఉంటుంది. డబ్బు పోతుందేమో, పరువు పోతుందేమో అని. బాద్రుట్ ఆ భయాన్ని తన నెత్తిన వేసుకున్నాడు. ఓడితే పోయేది కొద్దిమంది దారి ఖర్చు. గెలిస్తే దొరికేది కొత్త సీజన్. పైగా చలికాలం ఎలా ఉంటుందో ఆయనకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. అంటే తెలియని చీకట్లోకి రాయి విసరలేదు. తనకు బాగా తెలిసినదాన్ని, బయటివాళ్లకు తెలియనిదాన్ని చూపించాడు.

ఆయన ఒక్కడే అనుకోవద్దు. సరిగ్గా ఆ కాలంలోనే, 1865 ఫిబ్రవరిలో, డావోస్ అనే ఇంకో కొండ ఊరికి క్షయ రోగులు చలికాలపు పొడిగాలి కోసం రావడం మొదలుపెట్టారు. అక్కడ చలికాలం మందు అయింది. బాద్రుట్ ఊళ్లో ఆట అయింది.

వచ్చారు సరే, రోజంతా ఏం చేస్తారు?

అసలు పరీక్ష ఇప్పుడు మొదలైంది. వేసవి అతిథికి కొండలున్నాయి, ఎక్కుతాడు. చలికాలంలో మూడు నెలలు ఉండే అతిథి ఏం చేస్తాడు? ఎంత రుచిగా వండిపెట్టినా నాలుగో రోజుకు విసుగు పుడుతుంది. స్కీయింగ్ ఉంది కదా అంటారేమో. ఆల్ప్స్‌లో అది సరదాగా ఊపందుకున్నది 1890ల తర్వాతే. దాదాపు ముప్పై ఏళ్లపాటు సెయింట్ మోరిట్జ్ చలికాలం స్కీ కర్రలు లేకుండానే నడిచింది. ఎలా నడిచిందో ఒక్కొక్కటీ చూడండి.

మొదటిది స్కేటింగ్. గడ్డకట్టిన నీళ్లు ఎలాగూ ఉన్నాయి. కానీ మంచు పడితే అది పనికిరాదు. రోజూ ఊడ్చాలి, గరుకైతే నీళ్లు చల్లి మళ్లీ గడ్డకట్టనివ్వాలి. అంటే పని పుట్టింది. చలికాలంలో ఖాళీగా కూర్చునే చేతులకు జీతం దొరికింది.

రెండోది కర్లింగ్. స్కాట్లండ్‌లో పుట్టిన ఆట. ఇరవై కిలోల దాకా బరువుండే, కింద నున్నగా చేసిన గ్రానైట్ రాయిని మంచు మీద జారవిడుస్తారు. దూరంగా గీసిన గుండ్రటి గీతల మధ్యకు అది వెళ్లి ఆగాలి. రాయి ముందు ఇద్దరు చీపుళ్లతో మంచును గబగబా రుద్దుతారు. అలా రుద్దితే రాయి ఇంకాస్త దూరం పోతుంది, దారి కూడా కాస్త నిటారుగా ఉంటుంది. గోళీలాటలో గురి, క్యారమ్స్‌లో ఎదుటివాడి కాయను కొట్టే తెలివి రెండూ ఇందులో ఉన్నాయి. బ్రిటన్ బయట, యూరప్ ప్రధాన భూభాగంలో కర్లింగ్ పోటీ మొదట జరిగింది ఈ ఊళ్లోనే, 1880లో.

మూడోది మంచుబండి షికారు. గుర్రాలకు గంటలు కట్టి, దుప్పట్లు కప్పుకొని అడవి దారుల్లో తిరగడం. దీనికే ఇంకో రకం ఉంది. గుర్రపు బండి వెనక చిన్న స్లెడ్ బల్లలను తాడుతో రైలుపెట్టెల్లా వరసగా కట్టి లాగించుకోవడం. మలుపు వచ్చినప్పుడల్లా చివరి బల్ల మీదివాడు మంచులో దొర్లేవాడు. అదే సరదా!

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యమైనది. ఊరి కుర్రాళ్లు సరుకులు మోయడానికి వాడే చెక్క స్లెడ్‌లు అతిథుల కంట పడ్డాయి. వాటి మీద కూర్చొని ఊరి వాలు సందుల్లో జారడం మొదలుపెట్టారు. దారిన పోయేవాళ్లను గుద్దేస్తున్నారు. ఊళ్లో గొడవ. ఇప్పుడు యజమాని ఏం చేయాలి? అతిథులను మందలిస్తే వాళ్లు పోతారు. ఊరివాళ్లను పట్టించుకోకపోతే ఊరు ఎదురు తిరుగుతుంది. అందుకే జారడానికి వేరే దారి కట్టించారు. ఇబ్బంది పెట్టిన అల్లరే కొత్త ఆకర్షణ అయింది.

1884-85 చలికాలంలో కుల్మ్ హోటల్‌లో బసచేసిన అతిథుల ఆటల కమిటీ ఇంకో అడుగు ముందుకేసింది. మేజర్ బుల్పెట్ ముందు నిలిచాడు. బాద్రుట్ కొడుకు పీటర్ తోడయ్యాడు. సెయింట్ మోరిట్జ్ నుంచి కింద ఉన్న క్రెస్టా అనే పల్లె వైపు మంచు, నీళ్లు కలిపి గడ్డకట్టించిన వంకర కాలువ కట్టారు. అదే క్రెస్టా రన్. పొడవు సుమారు 1,200 మీటర్లు. పైనుంచి కిందికి 157 మీటర్ల దిగుడు. మొదట్లో కూర్చొని జారేవారు, తర్వాత తల ముందుకు పెట్టి బోర్లా పడుకొని జారడం వచ్చింది. వేగం గంటకు 120 కిలోమీటర్లు దాటుతుంది. బ్రేకు అంటూ ఏమీ ఉండదు. బూట్లకు బిగించిన ఇనుప పళ్లతో మంచును గీరుతూ వేగం తగ్గించుకోవాలి. 1885 ఫిబ్రవరిలో మొదటి పెద్ద పోటీ జరిగింది. 1887లో క్లబ్ ఏర్పడింది. ఈ ఆట నుంచే ఒలింపిక్స్‌లో కనిపించే స్కెలిటన్ వచ్చింది. మొదట్లో జారిన అమ్మాయిలను ఆ క్లబ్ 1929లో నిషేధించింది. ఆ తలుపు మళ్లీ తెరుచుకోవడానికి 2018 దాకా పట్టింది. అది కూడా ఈ చరిత్రలో భాగమే.

ఇద్దరు ముగ్గురు కలిసి జారాలని స్లెడ్‌లను జతచేసి, ముందు దానికి మలుపు తిప్పే ఏర్పాటు పెట్టారు. అదే బాబ్‌స్లే. దాని క్లబ్ 1897లో వచ్చింది. దానికంటూ కట్టిన ట్రాక్ 1904 నుంచి నడుస్తోంది. ఈ రెండు దారులూ నేటికీ ప్రతి చలికాలం కొత్తగా కడతారు. వేసవిలో అక్కడ గడ్డి మాత్రమే ఉంటుంది. బాబ్ ట్రాక్ కట్టడానికి ఇటలీలోని సౌత్ టైరోల్ నుంచి నైపుణ్యమున్న పనివాళ్లు వస్తారు. పారలతో, నీళ్లతో, కంటి అంచనాతో దాదాపు మూడు వారాల్లో కిలోమీటరున్నర పైచిలుకు మంచు దారి తీర్చిదిద్దుతారు. మంచును మలచడం కూడా ఒక ఉద్యోగమే.

పారిస్ వెళ్లి వెలుగు తెచ్చాడు

బాద్రుట్ గురించి చాలామంది పందెంతోనే కథ ముగించేస్తారు. మీకు ఉపయోగపడేది ఆ తర్వాత ఆయన చేసిన పని. 1878లో పారిస్‌లో ప్రపంచ ప్రదర్శన జరిగింది. దాదాపు అరవై ఏళ్ల వయసులో దాన్ని చూడటానికి వెళ్లాడు. అక్కడ విద్యుత్ దీపాలు చూశాడు. చూసి ఊరుకోలేదు. ఆ సామగ్రి కొని కొండల మీదికి తెప్పించి, వాగు నీటితో తిరిగే చిన్న టర్బైన్ పెట్టి తన హోటల్లో వెలిగించాడు. స్విట్జర్లాండ్‌లో మొదట వెలిగిన విద్యుత్ దీపాలుగా వాటికి పేరు.

ఎందుకు అంత తపన? చలికాలంలో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. పగలు ఆటలున్నాయి. రాత్రి పొడవు. ఆ పొడవాటి రాత్రిని కూడా అతిథి ఇష్టపడాలి. తన వ్యాపారంలో ఏ గంట బలహీనంగా ఉందో ఆ గంట మీదే ఖర్చుపెట్టాడు. సర్టిఫికెట్ లేని మనిషి అరవైకి దగ్గరపడి కొత్త టెక్నాలజీ నేర్చుకున్నాడు. ఇరవై రెండేళ్లకే ఇక నేర్చుకునేది ఏముందిలే అనుకునే మనకు ఇది కాస్త గుచ్చుకోవాలి.

1889లో బాద్రుట్ కన్నుమూశాడు. కొడుకు కాస్పర్ 1896లో సరస్సు పక్కన ప్యాలెస్ హోటల్ తెరిచాడు. 1904లో రైలు వచ్చింది. 1907 నుంచి గడ్డకట్టిన సరస్సు మీద గుర్రప్పందేలు జరుగుతున్నాయి. 1928లో, మళ్లీ 1948లో వింటర్ ఒలింపిక్స్‌కు ఆ ఊరే వేదిక. మధ్యలో, ఆయన పోయిన నాలుగేళ్లకు, 1893లో అదే దేశంలోని లోజాన్‌లో ప్రపంచంలో మొదటి హోటల్ స్కూల్ మొదలైంది. ఇంట్లో అబ్బిన విద్య క్లాసురూముకు చేరింది. మిఠాయి కొట్ల కోసం లోయ దాటిపోయిన ఊరికి ఇప్పుడు వేరే దేశాల నుంచి పని వెతుక్కుంటూ వస్తున్నారు.

పటాన్‌చెరుకు మంచుకు ఏం సంబంధం?

మాకు మంచు లేదు కదా అంటారా? మంచు పడకపోయినా మంచును తయారుచేసే విద్య మీ పక్కనే ఉంది. పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం వైపు మందుల కంపెనీల్లో యుటిలిటీ విభాగం ఉంటుంది. అక్కడ చిల్లర్లు, బ్రైన్ ప్లాంట్లు నడుస్తాయి. ఉప్పునీటిని సున్నాకు దిగువ దాకా చల్లబరిచి రియాక్టర్ చుట్టూ తిప్పుతారు. కృత్రిమ ఐస్ రింకులు, బాబ్‌స్లే ట్రాకుల కింద నడిచే యంత్రాల సూత్రం కూడా ఇదే. కంప్రెషర్, కండెన్సర్, పైపుల్లో తిరిగే చల్లటి ద్రవం. 1969లో జర్మనీలోని కోనిగ్‌సీలో ఇలా యంత్రాలతో చల్లబరిచే మొదటి స్లెడ్ ట్రాక్ వచ్చింది. అలాంటి చోట్ల అమ్మోనియా బాగా వాడతారు. హైదరాబాద్ లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర 2004 నుంచి ఉన్న స్నో వరల్డ్‌లో మండుటెండల్లో మంచు ఆడుకోగలుగుతున్నామంటే దానికి వెనక నిలబడేది కూడా రిఫ్రిజిరేషన్ టెక్నీషియనే.

ఐటీఐలో రిఫ్రిజిరేషన్, ఎయిర్ కండిషనింగ్ ట్రేడ్ రెండేళ్లు. మెకానికల్, కెమికల్ డిప్లొమా చదివినవాళ్లూ ఈ వైపు రావచ్చు. మందుల కంపెనీ, కోల్డ్ స్టోరేజీ, డెయిరీ, మాల్, ఆస్పత్రి, డేటా సెంటర్ అన్నిటికీ చల్లదనం కావాలి. ఇంటర్వ్యూలో వేపర్ కంప్రెషన్ సైకిల్ బొమ్మ గీసి వివరించగలిగితే, అమ్మోనియా లీకైతే ఏ వైపు పరుగెత్తాలో చెప్పగలిగితే మీరు మిగతావాళ్లకంటే ఒక మెట్టు పైనున్నట్టే.

ఆతిథ్య రంగం మీద మనసుంటే ఇంటర్ తర్వాత ఎన్‌సీహెచ్‌ఎం జేఈఈ రాయొచ్చు. జాతీయ స్థాయి హోటల్ మేనేజ్‌మెంట్ డిగ్రీకి అదే దారి. పటాన్‌చెరు నుంచి దూరం కూడా లేని గచ్చిబౌలిలో నిథమ్ ఉంది. డిగ్రీ అయిపోయినవాళ్లు ఫ్రంట్ ఆఫీస్, హౌస్‌కీపింగ్ ట్రైనీలుగా చేరవచ్చు. చిన్న పని అనిపిస్తే బాద్రుట్ మొదటి పాఠం దుప్పటి మడతే అని గుర్తుచేసుకోండి.

కొండలు, సాహసం ఇష్టమా? మనాలీ, ఉత్తరకాశీ, డార్జిలింగ్‌లలో ప్రభుత్వ పర్వతారోహణ సంస్థలున్నాయి. బేసిక్ కోర్సు సుమారు నాలుగు వారాలు. గుల్మార్గ్‌లో 2020 నుంచి ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ జరుగుతున్నాయి. శిమ్లాలో 1920 నాటి స్కేటింగ్ రింక్ ఉంది. ఇవన్నీ ఉత్తరాది సంగతులని తీసిపారేయొద్దు. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్‌కుమార్ మొదట రాళ్లెక్కడం నేర్చుకున్నది మన భువనగిరి కోట గుట్ట మీదే. మనాలీ కుర్రాడు శివ కేశవన్ దేశంలో లూజ్ ట్రాక్ లేదని ఆగలేదు. స్లెడ్‌కు చక్రాలు బిగించి హిమాలయాల తారురోడ్ల మీద సాధన చేశాడు. ఆరు వింటర్ ఒలింపిక్స్‌లో పాల్గొన్నాడు.

ఇక మన జిల్లా చలికాలం వైపే చూడండి. మంజీరా అభయారణ్యానికి వలస పక్షులు వచ్చేది ఈ నెలల్లోనే. కోహీర్ జామకాయ పేరు మీకు తెలుసు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ చుట్టూ చిరుధాన్యాల పాత పంటల జాతర సంక్రాంతి రోజుల్లో మొదలై ఊరూరా తిరుగుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన లక్షల మంది నగరవాసులు ఆదివారం ఎక్కడికి పోవాలా అని వెతుక్కుంటున్నారు. మనకు రోజూ కనిపించేది వాళ్లకు తెలియదు. సెయింట్ మోరిట్జ్ ఎండ లండన్‌వాళ్లకు తెలియనట్టే. పక్షులు చూపించగల, పొలం గట్టు మీద జొన్న రొట్టె తినిపించగల, ఫొటోలు తీసి నాలుగు ముక్కలు రాయగల నలుగురు స్నేహితులు కలిస్తే ఒక శీతాకాలపు పని మొదలుపెట్టొచ్చు. అభయారణ్యంలోకి వెళ్లాలంటే అటవీ శాఖ అనుమతి ముందుగా తీసుకోవాలి, అది మరవద్దు.

బాద్రుట్ నుంచి తీసుకోదగ్గవి

* బలహీనమైన నెలను గుర్తించండి. మీ ఏడాదిలో ఏ నెలలు వృథాగా పోతున్నాయో రాసుకోండి. నోటిఫికేషన్ల మధ్య ఖాళీ, సెమిస్టర్ల మధ్య ఖాళీ. ఆ నెలలకు ఒక్క నైపుణ్యం కేటాయించండి. నాలుగు వద్దు, ఒక్కటే.

* ఎదుటివాళ్ల భయం తగ్గించండి. ఫ్రెషర్‌ను తీసుకోవడానికి కంపెనీ జంకుతుంది. అప్రెంటిస్‌గానో, షట్‌డౌన్ మెయింటెనెన్స్ రోజుల్లో తాత్కాలికంగానో చేరి పని చూపించడం ఆ జంకు పోగొట్టే దారి. అయితే స్టైపెండ్, పనిగంటలు, భద్రతా పరికరాలు ముందే కాగితం మీద మాట్లాడుకోండి. పందెం కట్టింది యజమాని, పనివాడు కాదు. ఆ తేడా మరవొద్దు.

* వచ్చాక ఏం చేస్తారో ఆలోచించండి. అతిథిని రప్పించడం ఒక ఎత్తు, మూడు నెలలు ఉంచడం ఇంకో ఎత్తు. ఉద్యోగం కూడా అంతే. ఇంటర్వ్యూకు ఎంత తయారవుతారో మొదటి తొంభై రోజులకూ అంత తయారవ్వండి.

* గొడవలో అవకాశం చూడండి. సందుల్లో స్లెడ్‌ల గొడవే ట్రాక్ అయింది. మీ కాలేజీలో, కాలనీలో, కంపెనీలో రోజూ అందరూ విసుక్కునే విషయం ఏంటి? దాన్ని చక్కబెట్టినవాళ్ల రెజ్యూమె వేరేగా ఉంటుంది.

బాద్రుట్ చలిని తగ్గించలేదు, మంచును ఆపలేదు. ఊరు అంతకుముందు ఎలా ఉందో అలాగే ఉంది. ఆ నెలల్లో తలుపు తెరిచి ఉంచాడు, అంతే. తెరిచిన తలుపు దగ్గర కోటు లేకుండా నిలబడే ధైర్యం ఆయనకు ఆ ఊరి ఎండ మీద నమ్మకంతో వచ్చింది. రేపు పొద్దున ఇస్నాపూర్‌లో చలికి చేతులు రుద్దుకుంటూ బస్సు కోసం నిలబడ్డప్పుడు ఒక్కసారి ఆలోచించండి. మీకు బాగా తెలిసి, ఎదుటివాళ్లకు ఇంకా తెలియనిది ఏముంది? మార్చి దాకా ఆగకుండా ఆ పని ఈ నెలలోనే మొదలుపెట్టండి.